సూదికి దారం ఎక్కించిన పది నిమిషాలు

కిందటి నెలలో మా మనవరాలు చదివే ఒంగోలు బడి నుంచి ఒక కాగితం వచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి పిల్లలందరికీ వారానికి రెండు రోజులు మైండ్‌ఫుల్‌నెస్ అనే క్లాసు పెడుతున్నామనీ, పరీక్షల ఒత్తిడి తగ్గడానికి ఇది పనికొస్తుందనీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి సంతకం పెట్టి పంపమనీ అందులో రాశారు. మా కోడలు ఆఫీసుకు వెళ్ళే తొందరలో ఆ కాగితం నా చేతికిచ్చి, దీన్ని తెలుగులో ఏమంటారు మావయ్యా అని అడిగి, నేను జవాబు వెతుక్కునేలోగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు ఒక్క మాట దొరకలేదు. ఎరుక అందామంటే వేదాంతంలా ఉంది, ఏకాగ్రత అందామంటే నేను పిల్లల్ని తిట్టడానికి వాడిన మాట అది. చివరికి సంతకం మాత్రం పెట్టి ఇచ్చాను గానీ, ఆ పూటంతా నా మనసు పొదిలి దారిలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు వరండాలో తిరుగుతూనే ఉంది.

నా ఈడు వాళ్ళకు ఆ రోజులు చెప్పక్కర్లేదు. కొత్త శతాబ్దం అడుగుపెట్టిన తొలి సంవత్సరాలవి. ఆ ఊరు పొదిలికీ చీమకుర్తికీ నడుమ మెట్ట ప్రాంతంలో ఉండేది. రోడ్డుకు ఒక పక్క పత్తి చేలు, బోరు పడ్డ చోటల్లా మిరప, మరో పక్క మా బడి. చీమకుర్తి నుంచి నల్లరాయి దిమ్మెలు వేసుకుని పోయే లారీలు వచ్చినప్పుడల్లా తరగతి గదుల కిటికీ రెక్కలు గడగడలాడేవి, ఆ చప్పుడు పోయేదాకా నేను సుద్దముక్క పట్టుకుని ఆగి, మళ్ళీ వదిలిన చోటి నుంచే లెక్క అందుకునేవాణ్ణి. కొత్తగా వచ్చిన టీచర్లకు ఆ మోత అలవాటు కావడానికి నెలరోజులు పట్టేది. పిల్లలకు మాత్రం అసలు వినిపించేదే కాదు.

నేను లెక్కల మాస్టారిని. మంచివాడినేనని ఊళ్ళో పేరుంది, అది నేనూ నమ్మేవాణ్ణి. కొట్టడం తక్కువ, అరవడం ఎక్కువ. మా హెడ్మాస్టరు గారి గదిలో గోడకు ఒక నల్లబోర్డు ఉండేది, దాని మీద ఏటేటా పదో తరగతి ఉత్తీర్ణతా శాతం తెల్లరంగుతో రాయించేవారు. లెక్కల్లో తప్పినవాళ్ళే ఎక్కువ కాబట్టి ఆ అంకె పెరిగినా తరిగినా అందరూ నా వైపే చూసేవారు. అందుకని ఆయన నాకు అడిగినంత సమయం ఇచ్చారు. పొద్దున ఏడింటికి స్టడీ అవరు, సాయంత్రం బడి వదిలాక ఇంకో గంట, అవీ చాలకపోతే డ్రాయింగు పీరియడ్లు, ఆటల పీరియడ్లు, కుట్టు పీరియడ్లు. జనవరి వచ్చేసరికి పదో తరగతి పిల్లలకు లెక్కలు తప్ప వేరే లోకం లేకుండా చేశాను. అది వాళ్ళ మేలు కోసమేనని అనుకున్నాను.

మా బడిలో కుట్టు నేర్పడానికి ఒక టీచరుగారు ఉండేవారు. రోడ్డు దాటాక ఉండే చర్చి పేట ఆవిడది. పిల్లలందరూ కుట్టు టీచరు అనేవాళ్ళు, మేమూ అలాగే అనేవాళ్ళం. ఆవిడకు ఇచ్చిన గదిలో తొక్కే మిషన్లు రెండు ఉండేవి, ఒకదాని బెల్టు తెగి చాలాకాలమైంది. స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్కన కూర్చుని ఎప్పుడూ ఏదో ఒకటి కుడుతూ ఉండేవారు, మాటలు తక్కువ. మేము జీతాల గురించీ, బదిలీల గురించీ గంటలు గంటలు మాట్లాడుకుంటుంటే ఆవిడ వింటున్నారో లేదో తెలిసేది కాదు. ఆవిడ పీరియడ్లు నేను తీసుకుంటానన్నప్పుడు కూడా తలెత్తి ఒకసారి చూసి, పిల్లలకు చేతిపని కూడా కొంచెం ఉండాలండీ అని మాత్రమే అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ ఏడాది పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. రెండో వరస చివర కూర్చునేది, సన్నగా, రెండు జడలు వేసుకుని. నేను బోర్డు మీద లెక్క సగం రాసేసరికి ఆ పిల్ల నోటుబుక్కులో జవాబు వచ్చేసేది, అయినా చెయ్యెత్తేది కాదు, నేను అడిగితేనే చెప్పేది. పాఠాలు చెప్పేవాళ్ళకు తెలుస్తుంది, అలాంటి పిల్ల పదేళ్ళకొకసారి దొరుకుతుంది. దొరికినప్పుడు ఏం చేయకూడదో అదంతా నేను చేశాను. ఈ పిల్ల మండలం ఫస్టు వస్తుందని తరగతిలో చెప్పాను, స్టాఫ్‌రూమ్‌లో చెప్పాను, బజార్లో వాళ్ళ నాన్న కనిపిస్తే ఆయనకూ చెప్పాను. రోజూ హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల పేరు దగ్గర ఆగి, మన మండలం ఫస్టు వచ్చిందా అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు, ఆ పిల్ల తల దించుకునేది. సిగ్గనుకున్నాను.

అర్ధసంవత్సర పరీక్షలో ఎనభై చిల్లర వచ్చాయి. మిగతావి ఎక్కడ పారేసుకున్నావమ్మా అని అందరి ముందూ అడిగాను. ఫిబ్రవరిలో ప్రీ ఫైనల్ పెట్టాం. పేపర్లు ఇంటికి తీసుకెళ్ళి దిద్దుతూ, ముందుగా ఆ అమ్మాయిదే వెతికి తీశాను. పైన వరుస సంఖ్య ఉంది, స్కేలు పెట్టి తిన్నగా గీసిన మార్జిను ఉంది, ఒకటో ప్రశ్న అని రాసి ఉంది. ఆ తరువాత ఏమీ లేదు. పేజీలు తిప్పి చూశాను. అన్నిటికీ మార్జిన్లు గీసి ఉన్నాయి, ఒక్క అంకె లేదు.

మర్నాడు నేను చేసిన పని చెప్పడానికి నాకు ఇప్పటికీ పెద్దగా ఇష్టం లేదు, అయినా అది చెప్పకపోతే మిగతాది చెప్పి ప్రయోజనం లేదు. ఆ కాగితాలు తీసుకెళ్ళి, ఆ పిల్లను ముందుకు పిలిచి, పేజీ తరవాత పేజీ తరగతి అందరికీ చూపించాను. పొగరనుకున్నాను. నా ఆశంతా నువ్వేనని చెబితే ఇదా నువ్వు నాకిచ్చే బహుమతి అని అరిచాను. ఆ అమ్మాయి ఏడవలేదు. నిలబడ్డ చోటే మెల్లగా కిందికి జారి కూర్చుండిపోయింది. తోటి ఆడపిల్లలు పట్టుకుని మంచినీళ్ళు తాగించి వరండాలోకి తీసుకెళ్ళారు. నేను డస్టరు తీసుకుని బోర్డు తుడిచి తరవాతి లెక్క మొదలుపెట్టాను.

ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. మిరప కోతల రోజులు కాబట్టి సగం మంది పిల్లలు అటూ ఇటూ అవుతూనే ఉంటారు, కోతలకు పోయిందేమోలే అనుకున్నాను. నాలుగు రోజులు చూసి, అయిదో రోజు నా మోపెడ్ వేసుకుని వాళ్ళ పొలానికి వెళ్ళాను. జాలి వల్ల కాదు, బోర్డు మీది శాతం కోసమే వెళ్ళానని ఒప్పుకోవాలి.

కల్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది. ఆ ఘాటుకు గట్టు మీదే తుమ్ములు మొదలయ్యాయి. తల్లీ కూతురూ కాయల మధ్య కూర్చుని తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డవి, ఏరి పక్కన వేస్తున్నారు. నా మోపెడ్ చప్పుడు వినగానే ఆ అమ్మాయి లేచి, కాయల బస్తాల వెనక్కి వెళ్ళి నిలబడింది. తల్లి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది. మా పల్లెల్లో గొంతు చిన్నది చేసి మాట్లాడటం ఎవరికీ రాదు, ఆవిడకు అసలే రాదు.

“ఏం సారూ, మా పిల్లని ఏం జేశారు మీరు? పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నాయి. అన్నం కలుపుకుంటది, ముద్ద నోట్లోకి పోదు. పొద్దుగూకులూ చేతులు కడుక్కుంటానే ఉంటది. చదువు మాకొద్దు సారూ. పిల్ల ఉంటే చాలు.”

నేను పరీక్షల ప్రాముఖ్యం గురించి ఏదో చెప్పబోయాను. పబ్లిక్ పరీక్షలు ఇంకా నెల ఉన్నాయనీ, ఫీజు కట్టిన పిల్ల రాయకపోతే ఏడాది వృథా అవుతుందనీ అన్నాను. ఆవిడ నా మాట వినడం మానేసి వెళ్ళి మళ్ళీ కాయల్లో కూర్చుంది. బస్తాల వెనక నుంచి ఆ పిల్ల నా వైపు చూడలేదు. తిరిగి వస్తూ దారంతా నా తప్పు ఎక్కడుందా అని ఆలోచించాననుకునేరు, లేదు. తల్లికి చదువు విలువ తెలియదనే అనుకుంటూ వచ్చాను.

స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెబితే తలా ఒక మాట అన్నారు. దిష్టి తీయించమన్నారొకరు, ఒంగోలులో డాక్టరుకు చూపించమన్నారింకొకరు. హెడ్మాస్టరు గారు ఎంతమందిలో ఒకరు తగ్గితే ఎంత శాతం పోతుందో వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. కుట్టు టీచరుగారు ఎప్పటిలాగే కిటికీ దగ్గర తల వంచుకుని కుడుతున్నారు. గంట కొట్టాక నేను వరండాలోకి వచ్చేసరికి నా వెనకే వచ్చారు.

“మాస్టారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. ఆ అమ్మాయికి లెక్కలంటే భయం లేదండీ. మీరంటే భయం.”

చాలా అనుకున్నాను. పాతికేళ్ళ సర్వీసులో నాతో ఆ మాట అన్నవాళ్ళు లేరు, అదీ మార్కుల్లేని సబ్జెక్టు చెప్పే మనిషి. మీ పిల్లలకు జాకెట్లు కుట్టడం నేర్పినంత తేలిక కాదండీ పదో తరగతి గట్టెక్కించడం అని ముఖం మీదే అనేశాను. ఆవిడ ముఖంలో మార్పేమీ లేదు. తాను వెళ్ళి ఆ అమ్మాయిని తీసుకొస్తాననీ, అయితే రోజూ పొద్దున స్టడీ అవరులో మొదటి పది నిమిషాలు తనకు ఇవ్వాలనీ అడిగారు. ఏం చేస్తారంటే, కుట్టు చెప్పేదాన్ని, కుట్టే చెబుతానన్నారు. ఆ పిల్ల రాదనే ధీమాతోనే సరే అన్నాను.

రెండు రోజులు సాయంత్రం పూట ఆవిడ ఆ కల్లానికి వెళ్ళారని తరవాత తెలిసింది. చదువు మాటెత్తలేదట. వాళ్ళతోపాటు కూర్చుని తాలు కాయలు ఏరారట. మూడో రోజు పొద్దున ఆవిడ వెనకాల ఆ పిల్ల వచ్చింది, రెండో వరసలో కాకుండా చివరి బెంచీలో కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

టీచరుగారు అందరికీ తలా ఒక సూది, జానెడు దారం, అరచేతి వెడల్పున తెల్లగుడ్డ ముక్క పంచారు. మొగపిల్లలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఒరేయ్, పెళ్ళైతే జాకెట్లు మనమే కుట్టాల్రా అని ఎవడో అన్నాడు, గదంతా గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆగి, ఆవిడ చాలా మామూలుగా, కూర వండే పద్ధతి చెప్పినట్టు చెప్పారు.

“దారం కొస చూడండి. సూది బెజ్జం చూడండి. ఊపిరి బిగబట్టి ఎక్కించబాకండి, అప్పుడే చెయ్యి వణికేది. ఊపిరి వదలండి, వదిలాక ఎక్కించండి. ఎక్కినాక మూడు కుట్లు వెయ్యండి, దారం లాగి మళ్ళీ మొదటికి రండి. మధ్యలో మనసు పరీక్ష మీదికి పోద్ది. పోతే తిట్టుకోబాకండి. పోయిందని తెలుసుకోండి, మళ్ళీ దారం కాడికి తెచ్చుకోండి. అంతే.”

అంతకంటే వివరం ఆవిడ ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మొదటిరోజు ఆ పది నిమిషాలూ గోలగోలగా గడిచాయి. రెండో రోజు గోల కొంత తగ్గింది. వారం తిరిగేసరికి, ఏడు కొట్టగానే నలభైమంది పిల్లలు తలలు వంచుకుని కూర్చుంటే రోడ్డు మీద పోయే లారీ చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ అణిగిపోతుందో ఆ గదిలో స్పష్టంగా తెలిసేది. అయిపోయాక టీచరుగారు సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేసి, నాకు బల్ల అప్పజెప్పి వెళ్ళిపోయేవారు. నాలో మాత్రం అసహనం తగ్గలేదు. పది నిమిషాలంటే ఒక త్రికోణమితి లెక్క. రోజుకొక లెక్క చొప్పున ఎన్ని పోయాయో మనసులో కూడుకుంటూ గుమ్మంలో నిలబడేవాణ్ణి.

ఊళ్ళో మాట పాకడానికి ఎంతసేపు. మొగపిల్లల్లో ఒకడి తండ్రి, పత్తి వేసే రైతు, ఒకరోజు పొద్దున్నే వచ్చి, పిల్లల చేత ప్రార్థన చేయిస్తున్నారంట ఏందండీ అని హెడ్మాస్టరు గారిని నిలదీశాడు. తమాషా ఏమిటంటే, అంతకు ముందు ఆదివారమే చర్చి పెద్ద ఒకాయన, బళ్ళో ధ్యానం చేయిస్తున్నావంట, మన పద్ధతేనా అది అని ఆవిడను అడిగాడట. ఇద్దరికీ ఆవిడ ఒకే జవాబు చెప్పారు. సూదికి దారం ఎక్కిస్తున్నామండీ, మీరూ వచ్చి కూర్చోండి అని. చర్చి పెద్ద రాలేదు. రైతు మాత్రం పంతానికి లోపలికొచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. చేతికి సూది ఇచ్చారు. ఆయనకు దగ్గరి చూపు ఆనదు. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, దారం నోట్లో తడిపి, వేళ్ళతో నులిమి, ఎంత తంటాలు పడ్డా ఎక్కలేదు. చివరికి పక్కనున్న మన అమ్మాయికి ఆ సూది అందిస్తూ, ఎక్కిచ్చి పెట్టమ్మా, నాకు కనపడి చావట్లా అన్నాడు. ఆ పిల్ల ఒక్క ఊపులో ఎక్కించి ఇచ్చింది. ఆయన తనకు చేతనైన వంకర కుట్లు నాలుగు వేసి, ఇందులో దేవుడేం లేడుగదయ్యా అనుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు టీచరుగారు, గుమ్మంలో నిలబడ్డ నాకు కూడా ఒక సూది ఇచ్చారు. పిల్లలందరూ చూస్తుండగా ఇచ్చారు కాబట్టి వద్దనడానికి లేకపోయింది. ఖాళీ ఎక్కడా లేదు, ఆ అమ్మాయి వెనక గోడవారగా ఒక స్టూలు ఉంటే దాని మీద కూర్చున్నాను. బోర్డు మీద వృత్తాన్ని దారం లేకుండా, కాంపస్ లేకుండా ఒంటిచేత్తో గుండ్రంగా గీసే మనిషిని. ఆ చేతికి సూది లొంగలేదు. దారం బెజ్జం దాకా వెళ్ళి పక్కకు తప్పుకుపోయేది. ఒకరి తరవాత ఒకరు పిల్లలు వాళ్ళ కుట్లు పూర్తి చేసి తలలెత్తి నన్ను చూడటం మొదలుపెట్టారు. నలభైమంది చూస్తుండగా చిన్న పని చేతకాక కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు అంతకు ముందు తెలియదు. నేను ముందుకు పిలిచి నిలబెట్టిన పిల్లలందరికీ ఇదే జరిగి ఉంటుందని ఆ క్షణంలో తట్టిందని చెబితే బాగుంటుంది గానీ, ఆ క్షణంలో నాకు ఏమీ తట్టలేదు. తల ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీ కాగితాల సంగతి ఆ తరవాత, ఇంటికి పోయే దారిలో అర్థమైంది.

అప్పుడు నా ముందున్న చివరి బెంచీలోంచి ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. నెల రోజుల్లో నా ముఖంలోకి చూడటం అదే మొదలు.

“ఊపిరి వదలండి మాస్టారూ” అంది.

వదిలాను. దారం ఎక్కింది. ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా నవ్వింది. టీచరుగారు సూదుల డబ్బా తీసుకుని ఎప్పటిలాగే వెళ్ళిపోయారు. ఆ రోజు త్రికోణమితి చెప్పాను గానీ, ఎలా చెప్పానో గుర్తు లేదు. హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల పేరును మిగతా పేర్లలాగే పిలిచి ముందుకు వెళ్ళిపోయానని మాత్రం గుర్తుంది.

పబ్లిక్ పరీక్షలకు సెంటరు పొదిలి. ఆ రోజుల్లో లెక్కల పరీక్షంటే మాస్టార్లందరం సెంటరు గేటు దగ్గర కాపు కాసేవాళ్ళం. పిల్లలు బయటికి రాగానే చేతుల్లోంచి ప్రశ్నపత్రం లాక్కుని, ఎన్ని చేశావ్, ఇది ఎంతొచ్చింది, అది ఎందుకు వదిలేశావ్ అని అక్కడికక్కడే దిద్దేసేవాళ్ళం. ఆ ఏడాది నేను వెళ్ళకపోవడమే మంచిదేమోనని టీచరుగారిని అడిగాను. రండి, మీరు రాకపోతే అలిగారనుకుంటది, కానీ ఏమీ అడగబాకండి అన్నారు. వెళ్ళాను. లెక్కల మొదటి పేపరు రోజున టీచరుగారూ నేనూ గేటుకు ఎదురుగా సోడా బండి పక్కన నీడలో నిలబడ్డాం. గంట కొట్టారు, పిల్లలు వచ్చారు. ఆ అమ్మాయి నన్ను చూసి ఆగింది, ప్రశ్నపత్రం ఇవ్వడానికన్నట్టు చెయ్యి ముందుకు చాపింది. నోటి దాకా వచ్చిన ప్రశ్న మింగి, అన్నం తిన్నావా అమ్మా అన్నాను. తినలేదంది. ముగ్గురం వెళ్ళి బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం.

తింటూ తనే చెప్పింది. కాగితం చేతికివ్వగానే మళ్ళీ అదే వచ్చిందట, ఏమీ కనపడకుండా తెల్లగా. మార్జిన్లు గీసిందట. సూది లేదు కాబట్టి పెన్ను ములుకు చూస్తూ కూర్చుందట. చాలాసేపు కూర్చుందట, అరగంట పోయిందేమో తెలియదట. తరవాత మూడో ప్రశ్న కనపడిందట, అక్కడి నుంచి మొదలుపెట్టిందట. అన్నీ చేయలేకపోయానండీ అంది. పర్లేదమ్మా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం నాకే కొత్తగా అనిపించింది.

ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో రెండు పేపర్లూ కలిపి అరవై ఎనిమిది. మండలం ఫస్టు వేరే ఊరి కుర్రాడికి వచ్చింది. మార్కుల జాబితాలో ఆ అంకె చూసి నేను ఒక మధ్యాహ్నమంతా దిగులుపడ్డాను, అంత జరిగినా సరే పడ్డాను. మనిషి అంత తొందరగా మారడు. సాయంత్రం వాళ్ళమ్మ ఇంటికి వచ్చి, పండు మిరపకాయ పచ్చడి జాడీ ఒకటి మా ఆవిడ చేతికిచ్చి, పిల్ల రెండు పూటలా తింటంది సారూ అని, మార్కుల మాటే ఎత్తకుండా వెళ్ళిపోయింది.

తరవాతి ఏడాది కుట్టు టీచరుగారు రిటైరయ్యారు. ఆ పోస్టులో మళ్ళీ ఎవరినీ వేయలేదు, మిషన్లు రెండూ స్టోరు గదిలోకి చేరాయి. ఇంకో రెండేళ్ళు ఆ పది నిమిషాలు నేనే నడిపాను, నాకు చేతనైనట్టు. ఆవిడ ఉన్నప్పటి నిశ్శబ్దం రాలేదు గానీ, కొంత వచ్చింది. ఆ తరవాత పసుపు రంగు బస్సులు ఊళ్ళోకి రావడం మొదలై, బాగా చదివే పిల్లలు ఒక్కొక్కరే పట్నం బళ్ళకు వెళ్ళిపోయారు. నాకు సింగరాయకొండ దగ్గరికి బదిలీ అయింది. కొత్త బడిలో ఆ పని మొదలుపెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే చెప్పడానికి కారణం లేదు. అడిగే మనిషి లేదు, అంతే. టీచరుగారు పోయారని చాలా ఆలస్యంగా, ఒక పెళ్ళిలో విన్నాను.

ఆ అమ్మాయి నర్సు చదివింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ల వార్డులో పనిచేస్తుందని, ఇద్దరు పిల్లలని, వాళ్ళమ్మ ఒకసారి బస్సులో కనిపించి చెప్పింది. ఆ గొంతు ఏమాత్రం తగ్గలేదు, బస్సంతా విన్నది.

ఇప్పుడు పిల్లల మనసు గురించి బడులు ఆలోచిస్తున్నాయి, అది మంచిదే, నేను కాదనను. పిల్ల ఒక్క పూట రాకపోతే గంటలోగా ఇంటికి ఫోను వస్తుంది. మా రోజుల్లో ఆ పల్లె ఇళ్ళల్లో ఫోను లేదు, మనిషి నడిచి వెళ్ళాలి. ఆ ఒక్క ఏడాది, ఆ ఒక్క పిల్ల కోసం ఒక మనిషి నడిచి వెళ్ళింది. అంతకు ముందు ఏళ్ళలోనూ పిల్లలు ఫిబ్రవరిలో బడి మానేసేవాళ్ళు. కోతలకు పోయారనుకుని, నెలాఖరున రిజిస్టరులో వాళ్ళ పేర్ల మీద ఎర్రసిరాతో గీత కొట్టేవాణ్ణి, స్కేలు పెట్టి, తిన్నగా. వాళ్ళలో ఎవరెవరు నిజంగా కోతలకే పోయారో ఇప్పుడు ఎవరిని అడగను? కొన్ని పేర్లయినా గుర్తు తెచ్చుకుందామని ఈ మధ్య చాలాసార్లు కూర్చున్నాను. ఏ పేరూ రాలేదు.